అనంతపురంలో ఉండి ఐజెమ్ టీమ్ ఎలా కట్టాలి? బోరు నీళ్లతో మొదలుపెట్టండి

జనవరి వచ్చేసరికి బయోటెక్, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ చదివే పిల్లలు ఇద్దరో ముగ్గురో నా దగ్గరికి వచ్చి ఒకటే అడుగుతారు: "అక్కా, ఐజెమ్‌కు మనట్లాంటోళ్లు పోవచ్చా, లేకుంటే అది ఐఐటీ వాళ్లకేనా?" పోవచ్చు. వేరే రాష్ట్రంలో ఎమ్మెస్సీ చేస్తున్నప్పుడు నేను ఒక టీమ్‌లో ఉన్నాను, తర్వాత అనంతపురం తిరిగొచ్చి ఇక్కడి పిల్లలతో కూర్చుంటున్నాను. ఇక్కడ లేనివి చాలానే ఉన్నాయి, ఆ సంగతి దాచను. కానీ పెద్ద ఊళ్ల టీమ్‌లు నెలల తరబడి వెతుక్కునేది ఒకటి మన ఇంటి ముందే ఉంది: రోజూ బిందెలో పట్టుకుని తాగే సమస్య. దాన్ని పట్టుకుని టీమ్ ఎలా కట్టాలి, ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ దెబ్బ తింటారు అన్నదే ఇక్కడ రాస్తున్నాను. కర్నూలు, కడప వాళ్లకూ ఇదే దారి.

కొత్తవాళ్ల కోసం ముందు రెండు మాటలు. ఐజెమ్ అనేది సింథటిక్ బయాలజీలో విద్యార్థి టీమ్‌ల అంతర్జాతీయ పోటీ. 2003 జనవరిలో ఎంఐటీలో ఒక నెల కోర్సుగా మొదలై, 2004లో ఐదు టీమ్‌ల పోటీ అయింది, ఇప్పుడు ఏటా వందల టీమ్‌లు వస్తున్నాయి. ఒకప్పుడు బోస్టన్‌లో జరిగే చివరి సభ, గ్రాండ్ జాంబొరీ అంటారు, 2022 నుంచి పారిస్‌లో జరుగుతోంది. ఇక సింథటిక్ బయాలజీ అంటారా, మన చేన్లలో బోరు మోటరుకు ఆటో స్టార్టర్ బిగిస్తారు కదా, కరెంటు వచ్చిందంటే ఎవరూ పోయి నొక్కకుండానే మోటరు తిరుగుతుంది. అట్లాంటి స్విచ్‌ను డీఎన్‌ఏతో చేసి బ్యాక్టీరియాలో పెట్టడం. "ఫలానా పదార్థం కనబడితే రంగు తయారు చెయ్" అని దానికి చెప్పగలగడం.

మొదటి పని: పాత వికీలు చదవండి

టీమ్ పేరు, లోగో, టీషర్టు, ఇవన్నీ తర్వాత. ప్రతి టీమ్ తన పనంతా ఒక వెబ్‌సైట్‌లో పెట్టాలి, దాన్నే వికీ అంటారు. పాత సంవత్సరాల వికీలు ఇప్పటికీ తెరిచి చదువుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. రెండు వారాలు వాటి మీదే కూర్చోండి, ఒక్కొక్కరు రోజుకు ఒకటి చొప్పున చదివి సాయంత్రం మిగతావాళ్లకు తెలుగులో చెప్పాలి. తెలుగులో చెప్పలేకపోయారంటే వాళ్లకింకా అర్థం కాలేదని లెక్క, మళ్లీ చదవమనండి.

రెండు మాత్రం తప్పకుండా చూడండి. 2006లో ఎడిన్‌బరో టీమ్ తాగునీటిలో ఆర్సెనిక్‌ను పట్టే బ్యాక్టీరియా తయారు చేసింది, ఆర్సెనిక్ ఉంటే పీహెచ్ మారుతుంది, ఆ మార్పు చూడటానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. బంగ్లాదేశ్ బావుల కోసం ఆలోచించిన పని అది. రెండోది మనకు రెండు వందల కిలోమీటర్ల దూరంలోదే: 2009లో బెంగళూరు సృష్టి డిజైన్ స్కూల్ విద్యార్థులు బ్యాక్టీరియా చేత జియోస్మిన్ తయారు చేయించే ప్రాజెక్టు పెట్టుకున్నారు. తొలకరి చినుకు పడగానే నేల నుంచి లేచే వాసన ఉంటుందే, దాని వెనక ఉన్న పదార్థం అదే. వాళ్లు బయాలజీ విద్యార్థులు కూడా కాదు. మన జిల్లాలో ఆ వాసన కోసం ఎట్లా ఎదురుచూస్తామో నేను చెప్పక్కర్లేదు, మొదటిసారి ఆ వికీ చదివినప్పుడు ఇది మనవాళ్లు చేయాల్సిన పని కదా అనిపించింది.

రెండో పని: సమస్య ఒకటే, చిన్నగా

ఇక్కడే ఎక్కువ టైం పెట్టమంటాను. పిల్లలు సాధారణంగా "క్యాన్సర్‌ను నయం చేసే బ్యాక్టీరియా", "ప్లాస్టిక్ తినే బ్యాక్టీరియా" అని మొదలుపెడతారు. ఆరేడు నెలల్లో, అరువు తెచ్చుకున్న ల్యాబ్‌లో, సెమిస్టర్ పరీక్షల మధ్య అది జరిగే పని కాదు. చిన్నది తీసుకుని రుజువులతో సహా చివరిదాకా తీసుకెళ్లండి.

నా ఓటు ఫ్లోరైడ్‌కు. మన మూడు జిల్లాల్లోనూ, ముఖ్యంగా అనంతపురంలో, చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. 1990లలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చి వందల ఊళ్లకు పైపు నీళ్లు అందాయి, అంతకుముందు పుట్టి పెరిగినవాళ్లను పలకరిస్తే నోట్లో పండ్ల మీద ఫ్లోరైడ్ తెచ్చిన గార ఇప్పటికీ కనిపిస్తుంది. ఒక ఊళ్లో అవ్వ ఒకామె తన పండ్లు చూపిస్తూ, "బ్రష్షు ఎన్ని మార్చినా పోలేదు నాయనా, పెండ్లిలో కూడా నోరు మూసుకునే ఫోటో దిగినా" అంది. ఆ మాట విన్నాక మా పిల్లల్లో ఎవరూ ఇంకో టాపిక్ ఎత్తలేదు. పైపు ఆగిన రోజు, ఎండాకాలం, చేన్లో పనికి పోయినప్పుడు జనం తిరిగి బోరు దగ్గరికే పోతారు, కాబట్టి ఇది తీరిపోయిన సమస్య అనుకోవద్దు.

అంకెలు నోటికి రావాలి. మన భారత ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రామ్ దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా 1.5. ల్యాబ్ భాషలో 1.5 మిల్లీగ్రామ్ అంటే దాదాపు 79 మైక్రోమోలార్.

దీనికి సరిపోయే స్విచ్ ప్రకృతిలోనే ఉంది. కొన్ని బ్యాక్టీరియాల ఆర్‌ఎన్‌ఏలో ఒక చిన్న ముక్క ఫ్లోరైడ్ తగిలితే మడత మార్చుకుని, దాని వెనకున్న జీన్‌ను నడవనిస్తుంది. ఫ్లోరైడ్ రైబోస్విచ్ అంటారు, యేల్‌లో రొనాల్డ్ బ్రేకర్ ల్యాబ్ 2012లో దీన్ని బయటపెట్టింది. 2020లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో జూలియస్ లక్స్ ల్యాబ్ వాళ్లు ఆ రైబోస్విచ్‌ను బతికున్న కణం లేకుండా, ఎండబెట్టిన మిశ్రమంలో పెట్టి, కోస్టారికాలో నిజమైన నీళ్ల మీద పరీక్షించి చూపించారు. వాళ్లు గురిపెట్టింది 2 మిల్లీగ్రాములకు, అది అమెరికా లెక్క. మనకు కావాల్సింది 1.5, కుదిరితే 1. ఆ తేడాయే మీ ప్రాజెక్టు. "ఇప్పటికే చేసేశారు కదా అక్కా" అని నీరసపడొద్దు, ఇంతవరకు వచ్చి ఆగింది కాబట్టే మీకు మొదలుపెట్టే చోటు దొరికింది.

శెనక్కాయల్లో అఫ్లాటాక్సిన్ కూడా మంచి సమస్యే, పంట చివర్లో వాన మొహం చాటేస్తే ఆ బూజు విషం పెరుగుతుందని మన రైతులకు తెలుసు. కానీ అఫ్లాటాక్సిన్ క్యాన్సర్ కారకం, దాన్ని చేతపట్టుకుని ప్రయోగాలు చేయడానికి కొత్త టీమ్‌కు, సాదా ల్యాబ్‌కు సరిపడే జాగ్రత్తలు ఉండవు. మొదటి ఏడాది దాని జోలికి పోవద్దు.

టీమ్, గైడు, అనుమతి

పది మంది చాలు. అందరూ బయోటెక్ వాళ్లే అయితే ఇబ్బంది పడతారు. ఇద్దరు కోడింగ్ తెలిసినవాళ్లు కావాలి, వికీ కట్టడానికీ మోడలింగ్‌కూ (స్విచ్ ఎట్లా నడుస్తుందో కంప్యూటర్‌లో లెక్కేసి చూడటం). ఒకరు డబ్బు లెక్కలు రాసేవాళ్లు, ఒకరు ఊళ్లలో జనంతో మొహమాటం లేకుండా మాట్లాడేవాళ్లు. ఆ చివరి మనిషిని చాలా టీమ్‌లు మరిచిపోతాయి, మనకు మాత్రం వాళ్లే బలం. అండర్‌గ్రాడ్ విభాగంలో పోటీ చేయాలంటే ఆ ఏడాది మార్చి 31 నాటికి విద్యార్థులెవరూ 23 ఏళ్లు దాటి ఉండకూడదు, ఒక్కరు దాటినా టీమ్ మొత్తం ఓవర్‌గ్రాడ్ అనే పెద్దవాళ్ల విభాగంలోకి పోతుంది, పీజీ వాళ్లను చేర్చుకునే ముందు లెక్క చూసుకోండి.

గైడుగా ఒక అధ్యాపకుడో అధ్యాపకురాలో ఉండాలి. శ్రీకృష్ణదేవరాయ (ఎస్కేయూ), యోగి వేమన యూనివర్సిటీల లాంటి చోట్ల ఉన్నవాళ్లకు పక్క డిపార్ట్‌మెంట్‌లోనే దొరకొచ్చు, డిగ్రీ కాలేజీ పిల్లలైతే పోయి అడగాలి. అడిగేటప్పుడు "సార్, ఐజెమ్ చేద్దామనుకుంటున్నాం" అని ఊరికే నిలబడకండి. ఒక పేజీ రాసుకుని పోండి: సమస్య ఏంటి, ఏ ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో పెట్టే గుండ్రటి డీఎన్‌ఏ ముక్క), ఏ స్ట్రెయిన్ (బ్యాక్టీరియా రకం), వారానికి ఎన్ని గంటలు ల్యాబ్ కావాలి, ఎంత ఖర్చు. నేను చూసినంతవరకు కాదన్నవాళ్లలో ఎక్కువమంది భయం ఒకటే, పిల్లలు మధ్యలో వదిలేసి పోతారేమో అని. పేజీ చూపిస్తే ఆ భయం సగం పోతుంది.

తర్వాత అనుమతి, దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. మన దేశంలో జన్యువులు మార్చే పని ఏదైనా 1989 నాటి నియమాల కిందికి వస్తుంది. పని జరిగే సంస్థకు ఇన్‌స్టిట్యూషనల్ బయోసేఫ్టీ కమిటీ ఉండాలి, మీ ప్రయోగం వివరాలు దాని ముందు పెట్టాలి. ల్యాబ్‌ల్లో వాడే కె-12 రకం ఈ. కోలై బ్యాక్టీరియా, రిస్క్ గ్రూప్ 1 (ప్రమాదం అతి తక్కువ), రంగు చూపించే మామూలు రిపోర్టర్ జీన్ అయితే అది చిన్న కేటగిరీ పనే, కానీ చిన్నదైనా కాగితం ఉండాల్సిందే. మీ కాలేజీలో కమిటీ లేకపోతే ఉన్న సంస్థతో కలిసి అక్కడి ల్యాబ్‌లో చేయండి. మీటింగులు ఎప్పుడంటే అప్పుడు పెట్టరు, అందుకే ఫిబ్రవరిలోనే కదలండి. ఐజెమ్ కూడా విడిగా సేఫ్టీ ఫారం అడుగుతుంది, ఏ జీవి, ఏ భాగాలు, ఎవరికి శిక్షణ ఇచ్చారు అన్నీ రాయాలి.

ఒక గట్టి నియమం ఉంది: మార్చిన బ్యాక్టీరియా ల్యాబ్ గడప దాటకూడదు. సీసాలో వేసుకుని ఊరికి పోయి బోరు దగ్గర పరీక్ష చేసి వీడియో తీద్దామని ఎవరైనా సరదాపడితే అక్కడే ఆపండి. నీళ్లే ల్యాబ్‌కు రావాలి.

డబ్బు

దీన్ని గబగబా చెప్పేస్తాను. టీమ్ రిజిస్ట్రేషనే వేల డాలర్లలో ఉంటుంది, జాంబొరీకి పోతే మనిషికింత అని మళ్లీ వేరే. ఆ ఏడాది ఫీజు ఎంతో, గడువు ఎప్పుడో సైట్‌లో చూసుకుని ఆ అంకెతోనే యూనివర్సిటీ దగ్గరికి వెళ్లండి. ఇంపాక్ట్ గ్రాంట్ పేరుతో కొన్నేళ్లు కొన్ని టీమ్‌లకు 2,500 డాలర్ల చొప్పున ఇచ్చారు, మీ ఏడాది ఉంటే తప్పకుండా అప్లై చేయండి. ఐడీటీ, ట్విస్ట్ లాంటి డీఎన్‌ఏ కంపెనీలు టీమ్‌లకు కొంత డీఎన్‌ఏ ఉచితంగా ఇచ్చిన సంవత్సరాలు చాలా ఉన్నాయి, మీ ఏడాది ఆఫర్ చదివి గడువులోపల ఆర్డర్ పెట్టండి. ఆ తర్వాత పూర్వ విద్యార్థులు. మన జిల్లా నుంచి పోయి హైదరాబాద్‌లో, బెంగళూరులో, బయటి దేశాల్లో స్థిరపడినవాళ్లకు ఫ్లోరైడ్ అంటే ఏంటో విడమరిచి చెప్పక్కర్లేదు, వాళ్లమ్మానాన్నల పండ్లు వాళ్లకు గుర్తే. పారిస్ ఖర్చు మాత్రం మొదట్లో లెక్కలో వేయకండి, ల్యాబ్ ఖర్చు, రిజిస్ట్రేషన్ కూడాక చూద్దురు.

ల్యాబ్: ముందు చేయి తిరగాలి

అసలు ప్రాజెక్టు డీఎన్‌ఏ వచ్చేలోపు ఒక నెల ఉత్త ప్రాక్టీసు చేయండి. కాలనీలు ఎర్రగా మారే ఆర్‌ఎఫ్‌పీ ప్లాస్మిడ్ ఒకటి సంపాదించి, టీమ్‌లో ప్రతి ఒక్కరూ, కోడింగ్ పిల్లలతో సహా, ఒక్కసారైనా ట్రాన్స్‌ఫర్మేషన్, అంటే బ్యాక్టీరియాలోకి డీఎన్‌ఏ ఎక్కించడం, చేయాలి. థర్మాకోల్ డబ్బాలో చితక్కొట్టిన ఐసు, అందులో కాంపిటెంట్ కణాల (డీఎన్‌ఏ తీసుకోవడానికి సిద్ధం చేసిన బ్యాక్టీరియా) ట్యూబు. చేతివేడి తగలకుండా పై అంచునే పట్టుకోవాలి. ఒక మైక్రోలీటర్ డీఎన్‌ఏ వేసి, వేలితో మెల్లగా తట్టి, అరగంట ఐసులోనే. తర్వాత 42 డిగ్రీల నీళ్లలో 45 సెకన్లు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని పక్కనొకరు పైకి లెక్కపెడుతుంటే మంచిది, వెంటనే మళ్లీ ఐసులోకి. యాంటీబయాటిక్ లేని ఎల్‌బీ (బ్యాక్టీరియాను పెంచే ద్రవం) పోసి 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఊపి, యాంటీబయాటిక్ ఉన్న ప్లేటు మీద పరచడం, ప్లాస్మిడ్ చేరిన కణాలే దాని మీద పెరుగుతాయి. మర్నాడు పొద్దున ఎర్రటి చుక్కలు కనబడితే ఆ పిల్లల మొహాలు చూడాలి.

ఐజెమ్ పంపే డీఎన్‌ఏ కిట్ ప్లేటు (గుంటల్లో ఎండబెట్టిన డీఎన్‌ఏ ఉంటుంది) వస్తే పైనున్న రేకు పీకేయకండి. పీకితే ఒక గుంటలోది పక్క గుంటలో పడుతుంది. కావాల్సిన గుంట మీద టిప్‌తో పొడిచి, 10 మైక్రోలీటర్ల నీళ్లు వేసి, ఐదు నిమిషాలు ఆగి, అందులోంచి ఒక మైక్రోలీటర్ తీసుకోండి.

ఇక మన ఊరి ఎండల సంగతి, బయటి ప్రోటోకాల్‌లో ఇది రాయరు. మామూలు ఇంక్యుబేటర్‌లో హీటరే ఉంటుంది, చల్లబరిచే ఏర్పాటు ఉండదు. మేలో గది 40, 41 ఉంటే ఇంక్యుబేటర్ 37కు దిగనే దిగదు, డయల్ మీద 37 అని ఉన్నా లోపల థర్మామీటర్ పెట్టి చూడండి. ఏసీ ఉన్న గదిలో పెట్టుకోండి, లేకుంటే ఆ రెండు నెలలు ల్యాబ్ పని తగ్గించి డిజైనూ మోడలింగూ ముందుకు జరపండి. ప్లేట్లు పోసేటప్పుడు ఫ్యాన్ ఆపాల్సిందే, చెమటలు కారినా సరే, స్పిరిట్ దీపం పక్కనే పని చేయండి. కరెంటు పోతే ఫ్రీజర్ తలుపు తీయొద్దని దాని మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించండి. ఎంజైములు కొరియర్‌లో వస్తుంటే శుక్రవారం బయల్దేరకుండా చూసుకోండి, ఆదివారం మొత్తం గోడౌన్‌లో పడి ఉంటుంది.

నీళ్లు కూడా. మీడియాకు డిస్టిల్డ్ వాటరే వాడాలి. ఫ్లోరైడ్ సెన్సర్ చేస్తూ, డిస్టిలేషన్ యూనిట్ పాడైందని ఎవరో ఒకరు బోరు నీళ్లతో ఎల్‌బీ కలిపారంటే ఫ్లోరైడ్ లేదనుకున్న ట్యూబులో కూడా రంగు వస్తుంది, ఎందుకొచ్చిందో తెలియక వారాలు పోతాయి.

సెన్సర్ కట్టేటప్పుడు

మామూలు ఈ. కోలైలో ఈ స్విచ్ పెడితే సరిగా పనిచేయదు, కారణం ఆసక్తికరంగా ఉంటుంది. లోపలికి వచ్చిన ఫ్లోరైడ్‌ను ఈ. కోలై ఎప్పటికప్పుడు బయటికి పంపేస్తుంది, ఆ పని చేసే ప్రొటీన్ పేరు సీఆర్‌సీబీ. ఇంట్లోకి వచ్చిన నీళ్లను వచ్చినట్టే ఎత్తిపోస్తుంటే లోపల ఎంత చేరిందో ఎట్లా తెలుస్తుంది? అందుకే ఆ జీన్ తీసేసిన స్ట్రెయిన్ కావాలి. ఒక్కో జీన్ తీసేసిన ఈ. కోలై స్ట్రెయిన్ల సేకరణ, కీయో కలెక్షన్ అంటారు, అందులో అది ఉంది, ఆ కలెక్షన్ ఉంచుకున్న పరిశోధన ల్యాబ్‌కు మీ గైడు ద్వారా ఈమెయిల్ రాయించండి.

ఆ స్ట్రెయిన్‌తో రెండు సంగతులు. జీన్ తీసేసిన చోట కానమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకునే జీన్ పెట్టి ఉంటుంది, కాబట్టి మీ ప్లాస్మిడ్ కూడా కానమైసిన్‌దే అయితే ప్లాస్మిడ్ చేరినదేదో చేరనిదేదో తెలియదు. క్లోరాంఫెనికాల్ ప్లాస్మిడ్ వాడండి. రెండోది మనకు కలిసొచ్చేది: ఆ స్ట్రెయిన్‌లో లాక్‌జెడ్ అనే జీన్ ముందే దెబ్బతిని ఉంటుంది, కాబట్టి రిపోర్టర్‌గా లాక్‌జెడ్ పెట్టి ఎక్స్‌గాల్ అనే రసాయనం వేస్తే వచ్చే నీలం రంగు మీ స్విచ్ నుంచి వచ్చిందే. పచ్చగా మెరిసే జీఎఫ్‌పీ ప్రొటీన్ అందంగా ఉంటుంది కానీ చూడటానికి యంత్రం కావాలి, నీలం కంటికి కనిపిస్తుంది.

ఫ్లోరైడ్ స్టాకు చేయడం తేలిక: 221 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ లీటరు నీళ్లలో కరిగిస్తే లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. గాజు సీసాలో పెట్టొద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలబడుతుంది, ప్లాస్టిక్ సీసాలో పెట్టి లేబుల్ రాయండి. అది విషం, గ్లౌజులు లేకుండా తూకం వేయనీయకండి. దాని నుంచి 0, 0.5, 1, 1.5, 2, 5, 10 ఇట్లా పలుచన చేసుకుంటూ, ప్రతిదీ మూడేసి ట్యూబులు, మూడు వేర్వేరు రోజులు. బతికున్న కణాలతో 1.5 దగ్గర తేడా తెలియకపోవచ్చు, 10 దగ్గర తెలియొచ్చు. తెలిసింది తెలిసినట్టు రాయండి. కణం లేని పద్ధతికి పోవాలా, ప్రమోటర్ (జీన్‌ను నడిపించే డీఎన్‌ఏ ముక్క) మార్చాలా అన్నది ఆ గ్రాఫు చూశాక తేలుతుంది, మోడలింగ్ పిల్లలు కూడా ఆ గ్రాఫు కోసమే ఎదురుచూస్తుంటారు.

కంట్రోళ్లు, అంటే పోల్చి చూసుకోవడానికి పక్కన పెట్టే ప్లేట్లూ ట్యూబులూ, పెట్టకుండా ఒక్క రోజు కూడా పని చేయొద్దు. దీని గురించి నాకు జరిగింది చెప్పాలి. నా టీమ్‌లో మొదటి నెల ఒక పొద్దున ప్లేటు తెరిస్తే వందల కాలనీలు. అందరం ఎగిరి గంతేశాం, ఫోటోలు తీసుకున్నాం, వాటిలోంచి కాలనీలు తీసి పెంచుకుంటూ పోయాం. మూడు వారాల తర్వాత ప్లాస్మిడ్ తీస్తే ఏ కాలనీలోనూ ప్లాస్మిడ్ లేదు. ముందు రోజు రాత్రి ఆలస్యమైందని అగర్ పొగలు కక్కుతుండగానే నేను యాంపిసిలిన్ కలిపేశాను, ఆ వేడికి మందు పోయింది, దాంతో ఉత్త బ్యాక్టీరియా ఊరికే పెరిగింది. డీఎన్‌ఏ వేయని కణాల ప్లేటు ఒక్కటి పక్కన పెట్టి ఉంటే మర్నాడు పొద్దునే తెలిసిపోయేది. ఆ మూడు వారాలు తిరిగి రాలేదు, చివర్లో చేయాల్సిన నీళ్ల పరీక్షలే మానుకోవాల్సి వచ్చింది. అందుకే చెప్తున్నా: ఫ్లాస్కు మణికట్టుకు ఆనిస్తే ఓర్చుకోగలిగేంత చల్లారాకే, అంటే 50, 55 డిగ్రీల దగ్గర, యాంటీబయాటిక్ కలపండి, డీఎన్‌ఏ లేని ప్లేటు ప్రతిసారీ పెట్టండి. సెన్సర్‌కు వచ్చేసరికి స్విచ్ లేని ప్లాస్మిడ్, స్విచ్ పాడుచేసిన ప్లాస్మిడ్, సీఆర్‌సీబీ ఉన్న మామూలు స్ట్రెయిన్, ఈ మూడూ పక్కన నిలబడాలి.

పని అయిపోయిన ప్లేట్లు, ట్యూబులు 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేశాకే చెత్తలోకి. ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో పుస్తకంలో సంతకం ఉండాలి.

ఊళ్లలోకి పోవడం

ఐజెమ్ భాషలో హ్యూమన్ ప్రాక్టీసెస్ అంటారు. మీరు చేసేది ఎవరికి, వాళ్లకు నిజంగా కావాలా అని కనుక్కోవడం, కనుక్కున్నదాన్ని బట్టి డిజైన్ మార్చుకోవడం. పెద్ద టీమ్‌లు దీనికి కన్సల్టెంట్లతో వీడియో కాల్స్ పెట్టుకుంటాయి, మీరు బస్సెక్కితే చాలు.

మొదట గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌కు వెళ్లండి. వాళ్లు రోజూ ఫ్లోరైడ్ కొలుస్తారు, వాళ్ల ఇబ్బందులు అడగండి. మార్కెట్లో రంగు మారే కెమికల్ కిట్లు ఇప్పటికే ఉన్నాయి. "అవి ఉండగా మీదెందుకు?" అని జడ్జి తప్పకుండా అడుగుతారు, దానికి జవాబు ల్యాబ్ టెక్నీషియన్ దగ్గరే దొరుకుతుంది. తర్వాత ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, పండ్ల డాక్టరు, ఆర్‌ఓ ప్లాంటు నడిపే ఆయన. మా పిల్లలు ఒక ఆర్‌ఓ ప్లాంటాయన్ను అడిగితే, "ఫ్లోరైడ్ ఎంతుందో నాకు అంకె వద్దమ్మా, మెంబ్రేన్ మార్చాలా వద్దా అది చెప్తే చాలు" అన్నాడు. ఆ మాటతో మా డిజైన్ మారింది, అంకె చూపించే సెన్సర్ పక్కన పెట్టి, 1.5 దాటిందా లేదా అని అవును-కాదు చెప్పేదాని వైపు తిరిగాం. వికీలో హ్యూమన్ ప్రాక్టీసెస్ పేజీకి ప్రాణం అట్లాంటి మాటే, ఎవరన్నారు, ఎప్పుడన్నారు, దాంతో ఏం మార్చారు అన్నది తేదీలతో రాయండి.

ఫారాలు పంచి సర్వే చేయాలంటే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి. పిల్లల పండ్ల ఫోటోలు అడగకుండా తీయడం తప్పు, అడిగినా మొహం కనబడేట్టు తీయొద్దు.

నీళ్లు తెచ్చేటప్పుడు బోరు ఐదు నిమిషాలు వదిలి, ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపండి. ఊరు, బోరు ఎక్కడుంది, తేదీ, టైము సీసా మీదే రాయాలి, మూత మీద రాస్తే మూతలు మారిపోతాయి. ప్రతి నమూనా రెండు సీసాలు: ఒకటి మీకు, ఒకటి ఎలక్ట్రోడ్‌తో కొలిచే ల్యాబ్‌కు. మీ సెన్సర్ చెప్పింది, ఎలక్ట్రోడ్ చెప్పింది పక్కపక్కన పెట్టకుండా ఏమీ అనడానికి లేదు. మన నీళ్లలో ఉప్పులు, కాల్షియం ఎక్కువ, డిస్టిల్డ్ నీళ్లలో బాగా పనిచేసిన సెన్సర్ బోరు నీళ్లలో తడబడొచ్చు, దాన్ని కూడా కొలవండి.

వికీ, మెడల్

మెడల్ కోసం ఎవరితోనూ పోటీ లేదు. బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ మూడింటికీ షరతులు ముందే ప్రకటిస్తారు, తీరిస్తే ఎన్ని టీమ్‌లకైనా ఇస్తారు. ఆ షరతులు ప్రింట్ తీసి గోడకు అంటించండి. మీ డీఎన్‌ఏ ముక్క పనిచేయకపోయినా, ఎందుకు పనిచేయలేదో కనుక్కుని మళ్లీ ఎట్లా డిజైన్ చేశారో చూపిస్తే అది ఇంజినీరింగ్ సక్సెస్ కింద లెక్కకు వస్తుంది. నేను ఇక్కడి పిల్లలకు ధైర్యంగా పోండని చెప్పడానికి సగం కారణం ఇదే.

వికీ గిట్‌ల్యాబ్‌లో కట్టాలి, బొమ్మలతో సహా అన్నీ ఐజెమ్ సర్వర్‌లోనే ఉండాలి. అక్టోబర్‌లో ఒక గంట దగ్గర ఫ్రీజ్ అవుతుంది, ఆ తర్వాత కామా కూడా మార్చలేరు. ఆగస్టులోనే ఖాళీ పేజీలు తయారు చేసి, ప్రతి శనివారం ఆ వారం పని అందులో ఎక్కించండి. ఎవరు ఏం చేశారో చెప్పే అట్రిబ్యూషన్స్ పేజీ ఉంటుంది, ఐసు తెచ్చిన అటెండర్ అన్న పేరు కూడా ఆయన ఒప్పుకుంటే అందులో రాయండి. ఇంగ్లిష్ గురించి టెన్షన్ పడొద్దు, చిన్న వాక్యాలు, స్పష్టమైన గ్రాఫులు ఉంటే చాలు. జడ్జింగ్ రోజు ప్రశ్నలకు జవాబిచ్చేది ఆ పని చేసిన మనిషే కావాలి, బాగా మాట్లాడతాడని వేరేవాళ్లను ముందుకు తోయకండి.

పారిస్‌కు అందరూ పోవాల్సిన పని లేదు. పోయేవాళ్లు మాత్రం మార్చి, ఏప్రిల్ నెలల్లోనే పాస్‌పోర్ట్ తీసుకోండి. షెంగెన్ వీసాకు ఆరు నెలల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు, కనీసం 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్సు కావాలి. ఇంట్లో, ముఖ్యంగా ఆడపిల్లల ఇళ్లలో, ఒప్పించడానికి టైం పడుతుంది, గైడును ఇంటికి పిలుచుకుపోయి మాట్లాడించడం చాలాసార్లు పనిచేసింది.

అంతా అయ్యాక రెండు పనులు మిగులుతాయి. గ్లిసరాల్ స్టాకులు (గ్లిసరాల్ కలిపి గడ్డకట్టించి దాచే బ్యాక్టీరియా) రెండు వేర్వేరు ఫ్రీజర్లలో పెట్టి, ఏ డబ్బాలో ఏముందో నోట్‌బుక్‌తో పాటు జూనియర్లకు చేతికివ్వండి, ఫోన్‌లో చెప్తే మరిచిపోతారు. రెండోది, నీళ్లు ఇచ్చిన ప్రతి ఊరికీ తిరిగి పోండి. ఎలక్ట్రోడ్ చూపించిన అంకె, అది 1.5 కంటే ఎక్కువో తక్కువో, ఫ్లోరైడ్ వరకు చూస్తే తాగొచ్చో లేదో, తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి సర్పంచ్‌కు, ఆ బోరు పక్కింటివాళ్లకు ఇచ్చి రండి. మీ సెన్సర్ అంకె ఆ కాగితం మీద వేయకండి, అది ఇంకా పరీక్షలోనే ఉంది.